భీమవరం పక్కన షటిల్ హాలు: తుపాను తర్వాత మళ్ళీ తెరవాలా, తాళం వేయాలా?

గోదారి_షటిల్ (చర్చ మొదలుపెట్టినవారు) · నవంబరు 2025

అందరికీ నమస్కారమండి. భీమవరానికి కొంచెం బయట మాకు నాలుగు కోర్టుల షటిల్ హాలు ఉంది. స్థలం లీజుది, షెడ్డు మాది. 2019 దసరాకి నేనూ ఒక స్నేహితుడూ కలిసి తెరిచాం. ఇప్పుడు ఒక్కడినే నడుపుతున్నాను. సలహా కావాలి, అందుకని ముందు కథంతా చెప్పేస్తాను.

పొద్దున బ్యాచ్‌లు నిండుతున్నాయి, ఇక ఫర్వాలేదు అనుకునేసరికి 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. హాలు మూసినా అద్దె ఆగదు కదా. తెరిచాక సగం మందే వచ్చారు. మళ్ళీ 2021 వేసవిలో రెండో వేవ్. ఆ దెబ్బకి మా వాడు "నావల్ల కాదు బావా" అని చెప్పి హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకున్నాడు. గొడవేమీ లేదు, అతని వాటాలో కొంత ఇంకా నేను ఇవ్వాల్సి ఉంది.

తర్వాత నేల. మా స్థలం పక్కన ఒకప్పుడు చేపల చెరువు. మెరక చేసే కట్టాం. చెక్క ఫ్లోరు, దానిమీద సింథటిక్ మ్యాట్. అయినా వర్షాకాలం వస్తే చాలు, మూడో కోర్టు మధ్యలో చెక్క ఉబ్బుతుంది. ఆడేవాళ్ళు "అక్కడ బంతిలా ఎగురుతున్నాం" అని నవ్వుతారు గానీ నాకు మాత్రం ఎవరి మోకాలు పోతుందోనని టెన్షన్.

2024లో బైపాస్ మీద బాక్స్ క్రికెట్ టర్ఫ్‌లు వచ్చాయి. కుర్రాళ్ళంతా అటు వెళ్ళారు. రాత్రి తొమ్మిది దాటితే మా దగ్గర ఈగలు తోలుకోవడమే.

2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరింది, రొయ్య రేటు దెబ్బతింది. మా సభ్యుల్లో సగం మంది చెరువుల రైతులు, మేత డీలర్లు, ఐస్ ఫ్యాక్టరీల వాళ్ళు. వాళ్ళు మానలేదు. "వచ్చే నెల కలిపి ఇస్తానండి" అంటున్నారు, అంతే. మొహమాటం కొద్దీ నేను అడగలేను.

చివరికి అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు రేకులు లేచిపోయి 3, 4 కోర్టుల మీద నీళ్ళు నిలిచాయి.

లెక్కలు: అద్దె 40 వేలు, కరెంటు 22 నుంచి 25 వేలు, కోచ్‌కి 25 వేలు, ఊడ్చి తుడిచే మనిషికి 10 వేలు. మంచి నెలలో 1.3 లక్షలు వచ్చేవి, ఇప్పుడు 80 వేలు కూడా కష్టం. రిపేరుకి 6 లక్షలు అంటున్నారు. అప్పు చేసి నాలుగూ బాగుచేయాలా, రెండు కోర్టులతో నెట్టుకురావాలా, తాళం వేయాలా?

చేదు_నిజం

నెట్లు, లైట్లు అమ్మేయండి. షెడ్డుని మేత గోడౌన్‌కి అద్దెకివ్వండి. ఆట మీద ప్రేముంటే పక్క ఊళ్ళో నెలకి వెయ్యి కట్టి ఆడుకోండి, చవక.

ఉదయం_బ్యాచ్

హాళ్ళన్నీ గోడౌన్లయితే ఆ వెయ్యి ఎవరికి కట్టమంటారు సార్? మా తణుకులో ఒకటి అలాగే పోయింది. ఇప్పుడు రోడ్డు మీద నెట్ కట్టి ఆడుతున్నాం. గాలి ఉంటే షటిల్ ఎటుపోతుందో దానికే తెలియదు.

ఓరుగల్లు_కోర్టు

అన్నా, మాది హనుమకొండ. మూడు కోర్టులు. నీ కథలో చెరువు, రొయ్య తప్ప మిగతావన్నీ మాకూ అయినయి. పరేషాన్ కాకు.

తాళం సంగతి కాసేపు పక్కనపెట్టు. తెల్ల కాగితం తీసుకొని పొద్దున 5 నుంచి రాత్రి 10 దాకా గంటగంటకు గీతలు గీయి. తుపానుకు ముందు నెలలో ఏ గంటకు ఎన్ని కోర్టుల మీద మనుషులున్నారో రాయి. 17 గంటలు, నాలుగు కోర్టులు, రోజుకు 68 గంటలు అమ్మకానికి పెట్టినవన్నమాట. అందులో ఎన్ని అమ్ముడుపోతున్నయి? అది చెప్పకుండా 6 లక్షలు పెట్టాలా వద్దా అంటే ఎవరు చెప్తరు?

గోదారి_షటిల్

రాశానండి. 5 నుంచి 8 దాకా నాలుగూ ఫుల్, అంటే 12. 8 నుంచి 9 రెండు. 9 నుంచి సాయంత్రం 4 దాకా సున్నా. 4 నుంచి 7 పిల్లల కోచింగ్ రెండు కోర్టుల్లో, 6. 7 నుంచి 9 మూడు కోర్టులు, 6. తర్వాత ఎవరూ లేరు. మొత్తం 26.

ఓరుగల్లు_కోర్టు

68లో 26. ఒక్క పగటి పూటే 28 గంటలు పోతున్నయి. పొద్దున మూడు గంటలు మాత్రమే నీకు నాలుగు కోర్టులు కావాలి. ఆ మూడు గంటల కోసమే నువ్వు 6 లక్షల అప్పు చేస్తున్నట్టు లెక్క.

ఇంకో మాట. "వచ్చే నెల కలిపి ఇస్తా" అనేటోళ్ళను నువ్వు అడగలేవు, మొహమాటం అంటున్నవు. నాకూ అంతే. అందుకే మా దగ్గర ప్రతి బ్యాచ్‌కు ఒక కెప్టెన్ ఉంటడు. ఐదో తారీఖు లోపల బ్యాచ్ పైసలన్నీ ఆయనే వసూలు చేసి ఇస్తడు. ఆయనకు ఫీజు లేదు. తోటి ఆటగాడు అడిగితే ఎవరూ వాయిదా వేయరు, పొద్దున లేస్తే అదే ముఖం నెట్ అవతల కనపడాలె కదా. గంటల లెక్కన కోర్టు బుక్ చేసుకునే ప్లేయో లాంటి యాప్‌లు హైదరాబాద్‌లో బాగా నడుస్తయి కానీ మన ఊళ్ళల్లో నెలవారీ మనుషులే దిక్కు. గంటల లెక్కన వచ్చేటోడు వానొస్తే రాడు.

చెక్కపని_కాకినాడ

రేకుల గొడవ తర్వాత. ముందు కింద నేల చూడండి.

ఉబ్బింది అంటున్నారు, అది పైనుంచి వచ్చిన నీళ్ళ వల్ల కాదు, కిందనుంచి వచ్చే తేమ వల్ల. డెల్టాలో నేల కింద నీరు పైపైనే ఉంటుంది. కాంక్రీటు చూడటానికి పొడిగా ఉన్నా తేమను పీలుస్తూనే ఉంటుంది. చెక్క పరిచేముందు కాంక్రీటు మీద మందపాటి పాలిథిన్ షీటు, అతుకులు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా వేసి టేపు కొట్టాలి. దానిమీద రబ్బరు ప్యాడ్లు, ప్యాడ్ల మీద కొయ్య పట్టీలు, ఆపైన ప్లైవుడ్, పై చెక్క. నాలుగు గోడల దగ్గరా చెక్కకి, గోడకి మధ్య ఖాళీ వదలాలి. చెక్క వానాకాలం పెరుగుతుంది, ఎండాకాలం తగ్గుతుంది. ఖాళీ లేకపోతే పక్కకి జరగలేక మధ్యలో పైకి లేస్తుంది. మీ మూడో కోర్టులో జరిగింది ఇదే అయ్యుంటుంది.

ఒక చిన్న పరీక్ష చేయండి. ఒక చోట చెక్క తీసేసి, కాంక్రీటు మీద రెండు అడుగుల చదరం పాలిథిన్ ముక్క పెట్టి నాలుగు వైపులా టేపు అంటించి ఒక రాత్రంతా వదిలేయండి. పొద్దున ముక్క లోపలి వైపు నీటి బొట్లు కనిపిస్తే ఆ నేల మీద ఇప్పుడు ఎవరు చెక్క వేస్తామన్నా వేయించుకోకండి. అడ్వాన్సు ఇవ్వకండి.

తడిసిన మ్యాట్లు వెంటనే విప్పి నీడలో, సాపుగా పరిచి ఆరబెట్టండి. ఎండలో వేస్తే అంచులు వంకరపోతాయి, మళ్ళీ నేలకి అతుక్కోవు.

గోదారి_షటిల్

మూడింటా నాలుగింటా బొట్లు వచ్చాయండి. ఒకటి, రెండులో పొడిగానే ఉంది. అవి రోడ్డు వైపు, మెరక ఎక్కువ పోసినవి.

చేదు_నిజం

ఇంకేం, నేలే తీర్పు చెప్పేసింది.

ఉదయం_బ్యాచ్

ఇలాంటి మాటలు విని ఆగిపోతే గచ్చిబౌలిలో గోపీచంద్ అకాడమీ ఉండేదా? 2003లో ప్రభుత్వం ఐదెకరాలు ఇచ్చింది కానీ కట్టడానికి డబ్బుల్లేవు. ఆల్ ఇంగ్లాండ్ గెలిచిన మనిషి సొంత ఇల్లు తాకట్టు పెట్టాడు. 2008కి అకాడమీ తెరిచాడు. నాలుగేళ్ళకి సైనా లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది, 2016లో సింధు రియోలో రజతం. ఓపిక పట్టాలి సార్.

పద్దుల_పంతులు

గోపీచంద్ గారంటే నాకూ గౌరవమే. కానీ చిన్న హాలు నడిపేవాళ్ళకి ఆ ఉదాహరణ చెప్పడం ప్రమాదం. అక్కడ స్థలానికి మార్కెట్ అద్దె లేదు. నిమ్మగడ్డ ప్రసాద్ గారు 5 కోట్లు విరాళం ఇచ్చారు. ఆ డబ్బుకి ఆయన వడ్డీ అడగలేదు, ఒలింపిక్ పతకం అడిగారు. అది ఛాంపియన్లను తయారుచేసే చోటు. ఇక్కడ ఈయన నెలకి 40 వేలు అద్దె కట్టి, పొద్దున షుగరు తగ్గించుకోవడానికి వచ్చే యాభై ఏళ్ళ మనుషులతో నడుపుతున్నారు. రెండూ షటిలే, వ్యాపారాలు మాత్రం వేరు. ఇల్లు తాకట్టు పెట్టిన కథల్లో గెలిచినవే మనదాకా వస్తాయండి. ఓడినవాళ్ళ ఇళ్ళ వేలం ప్రకటనలు బ్యాంకులు పేపర్లో వేస్తాయి.

2025లో గోపీచంద్ గారే, ఇంట్లో స్తోమత లేకపోతే పిల్లల్ని పూర్తిగా ఆటల్లోకి దించడం గురించి ఒకటికి రెండుసార్లు ఆలోచించమన్నట్టు మాట్లాడారు. అంత పైకి వెళ్ళిన మనిషి ఆ మాట అన్నారంటే ఆలోచించాలి.

ఇక పని మాటలు.

కరెంటు: మీది ఎల్టీ కేటగిరీ రెండు, కమర్షియల్. యూనిట్ల చార్జీ కాక, ఒప్పుకున్న కిలోవాట్ల మీద స్థిర చార్జీ పడుతుంది. హాలు మూసినా పడుతుంది. రెండు కోర్టులు ఆపితే వెంటనే లోడు తగ్గించమని అర్జీ పెట్టండి. పాత మెటల్ హాలైడ్ లైట్లు మార్చి ఎల్ఈడీ పెట్టినవాళ్ళలో కూడా చాలామంది లోడు తగ్గించుకోవడం మర్చిపోతారు.

జీఎస్టీ: సేవలకి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటకపోతే నమోదు తప్పనిసరి కాదు. మీరు చెప్పిన అంకెలతో మీరు లోపలే ఉన్నారు. దాటితే కోర్టు ఫీజు మీద 18 శాతం. ఎవరో ఒకరు "ట్రస్టు పెట్టండి, కోచింగ్‌కి పన్ను ఉండదు" అంటారు. ఆదాయపు పన్ను చట్టం కింద నమోదైన ధార్మిక సంస్థకే ఆ మినహాయింపు. ట్రస్టు పెడితే లాభం ఇంటికి తీసుకెళ్ళడానికి లేదు. కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో గ్రామీణ క్రీడలు, ఒలింపిక్ క్రీడల శిక్షణ ఉన్నాయి కాబట్టి కంపెనీలు సమాజసేవకి పెట్టే సీఎస్ఆర్ డబ్బు అడగొచ్చు అనేది నిజమే. కానీ నాలుగు కోర్టుల హాలు కోసం ఆ తలుపులు తడుతూ తిరిగేలోపు మీ లీజు అయిపోతుంది.

ఉదయం_బ్యాచ్

విరాళాలతో నడిచేవి కూడా ఊరికి మేలు చేస్తాయి కదా. అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ళ స్పోర్ట్స్ విలేజ్ చూడండి. పల్లెటూరి పిల్లలు హాకీ, టెన్నిస్ ఆడుతున్నారు. 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు అక్కడే జరిగాయి.

పద్దుల_పంతులు

మేలు చేస్తాయి, కాదనలేదు. దాని వెనక 1969 నుంచి పనిచేస్తున్న సంస్థ ఉంది. ఈయన వెనక ఆయన భార్య నగలున్నాయి.

గోదారి_షటిల్

నగల మాట ఇక్కడ అనకండి సార్, మా ఆవిడ కూడా ఈ చర్చ చదువుతోంది.

పీఈటీ_మాస్టారు

నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా రిటైరయ్యానండి, అమలాపురం వైపు. మా కాలంలో కోనసీమలో షటిల్ కంటే బాల్ బ్యాడ్మింటన్ ఎక్కువ. జట్టుకి ఐదుగురు, పసుపు ఉన్ని బంతి, మట్టి కోర్టు. తంజావూరులో పుట్టిన ఆట, మన జిల్లాల్లో ఇల్లు కట్టుకుంది. మట్టి కోర్టుకి పొద్దున నీళ్ళు చల్లి ముగ్గు గీస్తే ఖర్చు అయిపోయినట్టే. ఇప్పుడు షెడ్డు, చెక్క, లైట్లు లేకపోతే పిల్లలు ఆట అనుకోవడం లేదు. అది వేరే బాధ.

మీ ఖాళీ పగటి గంటలకి స్కూళ్ళు ఉన్నాయి. ప్రైవేటు స్కూళ్ళకి ఆటస్థలం ఉండదు. వారానికి రెండు పీరియడ్లు మీ హాలుకి బస్సులో తీసుకొస్తారు. మీ కోచ్ ఎలాగూ పగలు ఖాళీయే. స్కూల్ గేమ్స్ పోటీలకి మండల, జిల్లా స్థాయిలో పిల్లల్ని పంపాలంటే ఎక్కడో ఒకచోట సాధన చేయించాలి కదా. మా అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2022లో థామస్ కప్ (దేశాల మధ్య మగవాళ్ళ షటిల్ జట్ల పోటీ) గెలిచిన జట్టులో ఆడాడు. వాళ్ళ నాన్నగారు కూడా వ్యాయామ ఉపాధ్యాయుడే. ఆ పేరు చెబితే ఈ జిల్లాల్లో ఏ తల్లిదండ్రులైనా రెండు నిమిషాలు ఆగి వింటారు.

ఒక్క జాగ్రత్త. స్కూళ్ళ దగ్గర మూడు నెలల డబ్బు ముందే తీసుకోండి. ఎందుకో నేను చెప్పను, ముప్పై ఏళ్ళు వాళ్ళ పక్కనే ఉన్నాను.

పాలకొల్లు_కోడలు

ఇంతమంది మగాళ్ళు ఇంతసేపు మాట్లాడారు, పగలు ఊళ్ళో ఆడవాళ్ళుంటారన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు.

పిల్లలు స్కూలుకి, ఆయన పనికి వెళ్ళాక పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా మాకు ఖాళీ. నడవడానికి వెళ్తే ఎండ, జిమ్‌కి వెళ్తే అక్కడంతా అద్దాలు, పాటలు, కుర్రాళ్ళు. షటిల్ అయితే చిన్నప్పుడు వీధిలో ఆడినదే, కొత్తగా సిగ్గుపడక్కర్లేదు. మా ఊళ్ళో ఒక హాలు వాళ్ళు లేడీస్ బ్యాచ్ అని బోర్డు పెట్టారు. మొదటి వారం ఇద్దరం వెళ్ళాం, మూడో వారం మానేశాం. బాత్రూముకి గడియ లేదు. మా బ్యాచ్ టైములోనే ఎవరో ఒక బ్యాంకు ఆయన "ఒక్క గేమ్ అమ్మా" అని వచ్చి కోర్టు తీసుకునేవారు. ఫీజు గురించి ఎవరూ మానలేదండి.

మీరు పెడితే ఇవి చూడండి: గడియ ఉన్న శుభ్రమైన బాత్రూము, బట్టలు మార్చుకునే గది, ఆ రెండు గంటలు మగవాళ్ళకి కోర్టు ఇవ్వకపోవడం, కుదిరితే ఆడ కోచ్. మొదట్లో పోటీ ఆటలు పెట్టకండి. ర్యాలీ ఆడటం వస్తే చాలు, మిగతాది మేమే చూసుకుంటాం. ఈకల షటిల్ వద్దు, నైలాన్ చాలు, రోజుల తరబడి వస్తుంది.

ఓరుగల్లు_కోర్టు

అక్కా, ఈ పోస్టు ప్రింట్ తీసి మా హాల్ గోడకు పెడుతున్న.

షటిల్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఈకల షటిల్ ధర ఈ మధ్య ఎట్ల పెరిగిందో తెలుసు కదా. బాతు ఈకలు, హంసజాతి పెద్ద బాతుల ఈకలు ఎక్కువగా చైనా నుంచి రావాలె. పశ్చిమ బెంగాల్‌లోని ఉలుబేరియాలో కూడా షటిళ్ళు చేస్తరు కానీ ఈక లేనిదే వాళ్ళు మాత్రం ఏం చేస్తరు? ఒక షటిల్‌కు 16 ఈకలు, ఒక్కటి విరిగినా పారేసుడే. ఫీజులో షటిల్ కలిపి ఇస్తున్నవా అన్నా?

గోదారి_షటిల్

కలిపే ఇస్తున్నానండి. పొద్దున బ్యాచ్ పెద్దమనుషులు ఒక ఈక వంగగానే "మార్చు" అంటారు.

ఓరుగల్లు_కోర్టు

ఆపెయ్. కోర్టు ఫీజు వేరు, షటిల్ ఎవరిది వాళ్ళదే. డబ్బా మొత్తం కొన్న ధరకే వాళ్ళకు అమ్ము. సొంత షటిల్ అయితే అదే మనిషి ఈకను వేళ్ళతో సరిచేసుకొని ఇంకో గేమ్ ఆడతడు. ఇంకోటి, ఏప్రిల్, మే నెలల్లో గాలి వేడెక్కితే షటిల్ దూరం పోతది. డబ్బా మీద స్పీడు నంబరు 77 ఉన్నది కాక, నెమ్మదిగా పోయే 75, 76 తెప్పియ్. లేకుంటే ప్రతి లిఫ్టూ బ్యాక్ లైన్ అవతలే పడుతది, షటిల్ మంచిది కాదని నిన్ను తిడతరు.

ఫ్రిస్కో_తెలుగు

టెక్సాస్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ వారాంతం తెలుగువాళ్ళు లేని షటిల్ హాలు కనిపించదు. కానీ ఇప్పుడు ఎక్కడ చూసినా పికిల్‌బాల్, అంటే చిన్న బ్యాట్లతో ప్లాస్టిక్ బంతిని నెట్ మీదుగా కొట్టుకునే ఆట. 1965లో సియాటిల్ దగ్గర బైన్‌బ్రిడ్జ్ ద్వీపంలో ఒక ఇంటి పాత బ్యాడ్మింటన్ కోర్టు మీదే ఈ ఆట పుట్టింది. అందుకే కోర్టు కొలత కూడా మన డబుల్స్ కోర్టుదే, 44 అడుగులు బై 20. నెట్ కిందికి దింపాలి, లోపలి గీతలు మార్చాలి. గట్టి నేల చాలు, చెక్క అక్కర్లేదు.

అంటే మీ పాడైన 3, 4 కోర్టుల్లో చెక్క పీకేసి కాంక్రీటు నున్నగా చేసి రంగు వేస్తే పికిల్‌బాల్ కోర్టులు రెడీ. తేమ గొడవ కూడా తగ్గుతుంది.

చేదు_నిజం

భీమవరంలో పికిల్‌బాల్. పచ్చడి బంతి అనుకుని అన్నంలోకి అడుగుతారు.

చెక్కపని_కాకినాడ

నవ్వకండి, ఆలోచన మంచిదే. కాకపోతే కాంక్రీటులో తేమ ఉండగా మామూలు ఎపాక్సీ రంగు వేస్తే పొక్కులు వచ్చి లేచిపోతుంది. బొట్లు రావడం ఆగేదాకా ఆగండి. షెడ్డు చుట్టూ కాలువ తీసి వాననీరు గోడ దగ్గర నిలవకుండా చేయండి. 6 లక్షల్లో మొదటి ఖర్చు అదే కావాలి.

ఉదయం_బ్యాచ్

ఆ ప్లాస్టిక్ బంతి చప్పుడు మాత్రం భరించలేం. పక్క కోర్టులో టకటకమంటుంటే షటిల్ మీద ధ్యాస ఎలా ఉంటుంది? మా పొద్దున గంటల్లో పెట్టకండి.

గోదారి_షటిల్ · 2026, సంక్రాంతి వెళ్ళాక

ఇన్ని రోజులు రాయలేదు, పనిలో పడిపోయాను. జరిగింది చెప్తాను.

6 లక్షల రిపేరు చేయించలేదు. రేకులు బిగించి, షెడ్డు చుట్టూ కాలువ తీయించి, 1, 2 కోర్టులు మాత్రం తెరిచాను. అప్పు చేశాను గానీ చిన్నదే. 3, 4లో చెక్క పీకేశాను. పనికొచ్చే పలకలు 1, 2లో దెబ్బతిన్న చోట వేశారు. కరెంటు లోడు తగ్గించమని అర్జీ ఇచ్చాను. తిప్పించుకున్నారు గానీ అయింది.

పొద్దున బ్యాచ్‌తో పెద్ద రభస. రెండు కోర్టులు కాబట్టి 5 నుంచి 8 కాదు, 4.30 నుంచి 9 దాకా స్లాట్లుగా విడగొట్టాను. షటిల్ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలన్నాను. నలుగురైదుగురు అలిగి వెళ్ళారు, ఇద్దరు తిరిగొచ్చారు. కెప్టెన్ పద్ధతి పెట్టాను. మా ఐస్ ఫ్యాక్టరీ ఆయన ఒక బ్యాచ్‌కి కెప్టెన్. మొదటి నెలే పాత బాకీలు కూడా లాగారు. ఆయనే అందరికంటే ఎక్కువ బాకీ, ముందు తనది కట్టి మరీ అడిగారు.

లేడీస్ బ్యాచ్: బాత్రూము బాగుచేయించాకే బోర్డు పెట్టాం. కోచ్‌గా కాలేజీ రోజుల్లో యూనివర్సిటీకి ఆడిన ఒకావిడ దొరికారు. బ్యాచ్ నిండింది, రెండోది అడుగుతున్నారు. ఇది మా ఆవిడ చూసుకుంటోంది, నన్ను ఆ టైములో హాలుకి రానివ్వడం లేదు.

స్కూళ్ళు: మూడు నెలలు ముందే ఇమ్మంటే ఒక స్కూలు మాత్రమే ఒప్పుకుంది. మిగతావాళ్ళు "చూద్దాం" అన్నారు. మాస్టారు చెప్పినట్టే వదిలేశాను.

సంక్రాంతి వారం ఒక్కరూ రాలేదు. కోడి పందేలున్నన్నాళ్ళూ భీమవరంలో హాలు తెరిచి కూర్చోవడం దండగ. వచ్చే ఏడు ఆ వారం తాళమేసి నేనూ వెళ్తాను.

నెల చివర లెక్క చూస్తే ఖర్చులు పోను ఏదో కొంచెం మిగిలింది. జీతం అనుకోలేను. కానీ ఇంటినుంచి డబ్బు తేవడం మాత్రం ఆగింది.

పాలకొల్లు_కోడలు

రెండో లేడీస్ బ్యాచ్ సాయంత్రం పెట్టకండి. ఆ టైములో పిల్లల హోంవర్కు. పొద్దున 6 నుంచి 7 అడిగి చూడండి, టీచర్లు వస్తారు. పొద్దున బ్యాచ్ అన్నయ్యలు ఒక కోర్టు వదులుకోవాలి మరి.

ఉదయం_బ్యాచ్

నేను తణుకులో ఉండటం నా అదృష్టం.

ఫ్రిస్కో_తెలుగు

మరి 3, 4 సంగతి? గీతలు గీశారా?

గోదారి_షటిల్

నాలుగులో ఇంకా బొట్లు వస్తున్నాయండి. మూడు ఆరింది. అక్కడ రంగు వేయకుండా గీతలు గీసి ఆదివారాలు సాయంత్రం మాత్రం పికిల్‌బాల్ పెట్టాం. హైదరాబాద్, బెంగళూరుల్లో ఉద్యోగం చేస్తూ ఇంటినుంచి పనిచేసే కుర్రాళ్ళు బ్యాట్లు వాళ్ళే తెచ్చుకుని వస్తున్నారు. బాక్స్ క్రికెట్ నుంచి వచ్చినవాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురున్నారు. ఇంకా డబ్బు పెట్టేంత నమ్మకం నాకు కుదరలేదు. మార్చిలో పదో తరగతి పరీక్షలు, పిల్లల కోచింగ్ సగానికి పడిపోతుంది. అది దాటి వేసవి క్యాంపు ఎలా ఉంటుందో చూసి అప్పుడు రంగు సంగతి.

పద్దుల_పంతులు

రంగు వేసేముందు ఒక ప్రశ్న. లీజు పదేళ్ళదా? రిజిస్టర్ అయిందా, స్టాంపు కాగితం మీద సంతకాలేనా? ఏడాది దాటిన లీజు రిజిస్టర్ కాకపోతే రేపు ఓనరు గారు గానీ వాళ్ళ పిల్లలు గానీ ఖాళీ చేయమంటే మీ చేతిలో గట్టి ఆధారం ఉండదు.

గోదారి_షటిల్

పదేళ్ళదే, 2029 దాకా. స్టాంపు కాగితమే సార్. ఓనరు గారు పెద్దాయన, మాట మనిషి. వాళ్ళబ్బాయి మాత్రం పండక్కి వచ్చినప్పుడు అద్దె 50 చేద్దామన్నాడు.

పద్దుల_పంతులు

అదిగో. అద్దె కొంచెం పెంచడానికి ఒప్పుకోండి, బదులుగా లీజు 2034 దాకా పొడిగించి రిజిస్టర్ చేయమనండి. స్టాంపు డ్యూటీ సగం మీరు పెట్టుకోండి. షెడ్డు మీదేనని, ఖాళీ చేసేటప్పుడు విప్పుకుని వెళ్ళే హక్కు మీదేనని అందులో రాయించండి. అది తేలేదాకా నాలుగో కోర్టు మీద రూపాయి పెట్టకండి, నేల ఆరినా సరే.

ఓరుగల్లు_కోర్టు

పంతులు గారు చెప్పింది చెయ్ అన్నా. మాది మొదటి హాలు అట్లనే పోయింది, షెడ్డుతో సహా.

గోదారి_షటిల్

సరేనండి. ఓనరు గారు రోజూ పొద్దున 6 గంటల స్లాటులో రెండో కోర్టు మీదే ఆడతారు. శనివారం ఆట అయ్యాక కాగితం తీసుకెళ్ళి కూర్చుంటాను. ఆ రోజు మాత్రం ఆయన్ని గెలవనివ్వమని కెప్టెన్‌కి చెప్పాను.